సంపాదకుడుగా కందుకూరి వీరేశలింగం పంతులు: పత్రికారచనాధ్యయన దృష్టితో ఒక జీవిత పరిశీలన

పత్రికారచన విశ్వవిద్యాలయాలలో బోధనాంశంగా, పరిశోధనాంశంగా స్థిరపడినది ఇరవయ్యవ శతాబ్దంలోనే. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయం 1908లోను, కొలంబియా విశ్వవిద్యాలయం 1912లోను అందుకు ప్రత్యేక విద్యాలయాలను నెలకొల్పాయి. అవిభక్త భారతదేశంలో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయం 1941లో, మద్రాసు విశ్వవిద్యాలయం 1947లో, హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం 1954లో ఆ శాస్త్రానికి స్థానం కల్పించాయి. వార్తాసేకరణ, సంపాదకత్వం, ముద్రణ, పత్రికా శాసనాలు, పత్రికా భాష, వృత్తిధర్మం అనే విభాగాలుగా నేడు ఈ విద్య బోధింపబడుతున్నది. అటువంటి విభాగాలేవీ లేని కాలంలో, గోదావరి తీరాన ఒక ఉపాధ్యాయుడు వీటన్నింటినీ అనుభవం ద్వారా నేర్చి, తన పత్రికల ద్వారా ఇతరులకు నేర్పారు. ఆయన కందుకూరి వీరేశలింగం పంతులు. సంఘసంస్కర్తగా, గద్యతిక్కనగా ఆయనను ఎరుగనివారు లేరు. ఆయన సంస్కరణకు, సాహిత్యానికి కూడ ఆధారభూమి పత్రికయే అన్న విషయం మాత్రం తగినంతగా పరిశీలనకు రాలేదు. ఆయన గ్రంథాలను పత్రిక నుండి విడదీసి చదవటం వల్ల వాటి స్వరూపమే కొంత మరుగున పడుతున్నది. ఆ దృష్టితో ఆయన జీవితాన్ని పునఃపరిశీలించటం అవసరం.

బాల్యం, విద్య

వీరేశలింగంగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లి పున్నమ్మ, తండ్రి సుబ్బారాయుడు. నాలుగేండ్ల ప్రాయంలోనే తండ్రి గతించగా, పెదతండ్రి వెంకటరత్నంగారి సంరక్షణలో పెరిగారు. 1847లో ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట నిర్మాణం ఆరంభమైంది. అది 1852లో పూర్తయింది. ఆయన బాల్యం, యౌవనం గడిచిన కాలంలోనే డెల్టా ముఖచిత్రం మారిపోయింది. కాలువలు వచ్చాయి. పంటలు పెరిగాయి. వాటితోపాటు నీటిపారుదల, రెవిన్యూ, న్యాయశాఖల కచేరీలు విస్తరించాయి. ఆ కచేరీలలో పనిచేసే కొత్త ఉద్యోగివర్గం, ఆంగ్లవిద్య నేర్చిన కొత్త పాఠకవర్గం ఏకకాలంలో ఏర్పడ్డాయి. తరువాతి కాలంలో ఆయన పత్రికకు విషయాన్ని సమకూర్చినది మొదటి వర్గం. చందాదారులను సమకూర్చినది రెండవ వర్గం.

1861లో బాపమ్మగారితో ఆయన వివాహం జరిగింది. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి అని పేరు మార్చారు. సంప్రదాయ పద్ధతిలో కావ్యపఠనం, పాఠశాలలో ఆంగ్లవిద్య రెండూ సాగించి ఆయన మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులైనారు. తొలిరోజుల సాహిత్యాభిరుచి పూర్తిగా పండిత మార్గానికి చెందినది. ఓష్ఠ్యాక్షరాలు లేకుండ, సంస్కృత పదస్పర్శ లేకుండ, నడుమ వచనం లేకుండ శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించిన యువకుడాయన. శబ్దం మీద అంతటి అధికారం సంపాదించినవాడు పదేండ్లు తిరగక ముందే సామాన్య పాఠకునికి అర్థమయ్యే వచనం కోసం శ్రమించటం గమనింపదగినది. ఈ మార్పునకు ప్రధాన కారణం పత్రిక.

కోరంగి, ధవళేశ్వరం

నౌకావాణిజ్యానికి పేరుపొందిన కోరంగిలో ఆంగ్ల పాఠశాలోపాధ్యాయుడుగా కొంతకాలం పనిచేసి, అనంతరం ధవళేశ్వరం పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా వచ్చారు. ఆనకట్టను ఆనుకొని ఉన్న ఆ ఊరు జలవనరుల శాఖకు కేంద్రం. అక్కడ 1874లో ఆయన బాలికల పాఠశాలను స్థాపించారు. ఆ సంవత్సరమే అక్టోబరు మాసంలో వివేకవర్ధని మాసపత్రికను ప్రారంభించారు. ఈ రెండు కార్యాలు ఒకే ఏట జరగటం యాదృచ్ఛికం కాదు. ఆయన దృష్టిలో పత్రిక కూడ ఒక పాఠశాలయే. పాఠశాలకు రాలేని వయోజనులకు, గడప దాటలేని స్త్రీలకు అది తరగతి గది.

అప్పటికి తెలుగులో పత్రికలు లేకపోలేదు. మద్రాసు నుండి 1842లోనే వర్తమాన తరంగిణి వెలువడింది. కొక్కొండ వేంకటరత్నం పంతులుగారి ఆంధ్రభాషా సంజీవని 1871 నుండి, మచిలీపట్నంలో పురుషార్థప్రదాయిని 1872 నుండి నడుస్తున్నాయి. కాని భాషావిషయక చర్చను, మతబోధను దాటి, స్థానిక పరిపాలనను, గృహజీవితాన్ని, ఆచారవ్యవహారాలను ఒకే వేదిక మీద నిలబెట్టి విచారించిన పత్రికగా వివేకవర్ధనికి ప్రత్యేకత ఏర్పడింది.

రాజమహేంద్రవరంలో తగిన ముద్రణాలయం లేనందున తొలి సంచికలు మద్రాసులో వేంకటరత్నం పంతులుగారి ముద్రాక్షరశాలలోనే అచ్చయినాయి. నాటికి మద్రాసుకు గోదావరి మండలం నుండి రైలుమార్గం లేదు. వ్రాతప్రతి పోవటానికి, అచ్చుప్రతులు రావటానికి పట్టే కాలంలో వార్త పాతబడేది. పరులపై ఆధారపడిన సంపాదకుని స్వేచ్ఛ పరిమితమైనదన్న సంగతి కూడ త్వరలోనే తెలిసివచ్చింది. అందుచేత మిత్రుల సహకారంతో 1875లో రాజమహేంద్రవరంలో సొంత ముద్రాక్షరశాలను నెలకొల్పారు. పత్రిక క్రమంగా మాసపత్రిక స్థాయి నుండి పక్షపత్రికగా, వారపత్రికగా మారింది. రచన, అచ్చుచిత్తుల దిద్దుబాటు, ధనసేకరణ మొదలైన బాధ్యతలలో అధికభాగం ఆయన భుజస్కంధాల మీదనే నడిచింది. ముద్రణసాధనం ఎవరి అధీనంలో ఉన్నదన్న ప్రశ్నకు, పత్రికాస్వాతంత్ర్యానికి గల సంబంధాన్ని నేడు పత్రికారచనా విభాగాలు ఒక ముఖ్యసిద్ధాంతంగా బోధిస్తాయి. ఆయన దానిని తొలి సంవత్సరంలోనే అనుభవం వల్ల గ్రహించారు.

పండిత వివాదం, హాస్యసంజీవని

తొలి సంచికలను అచ్చువేసిన వేంకటరత్నం పంతులుగారే తరువాత ఆయనకు ప్రబల ప్రతిపక్షి అయినారు. స్త్రీవిద్య, సంస్కరణ, భాషాశైలి అనే మూడు విషయాలలోను ఆ ఇద్దరి మార్గాలు వేరు. వేంకటరత్నంగారు తమ పత్రికకు అనుబంధంగా హాస్యవర్ధనిని వెలువరింపగా, వీరేశలింగంగారు 1876లో హాస్యసంజీవనిని వివేకవర్ధనికి అనుబంధంగా ప్రారంభించారు. ఒకరి పత్రిక పేరులోని ఉత్తరార్ధాన్ని మరొకరు గ్రహించి హాస్యానికి జోడించటంలోనే ఆ వివాదపు రసికత వ్యక్తమవుతున్నది.

తెలుగు సాహిత్యానికి ఆ వివాదం వల్ల గొప్ప మేలు కలిగింది. తెలుగులో తొలి ప్రహసనంగా పరిగణింపబడే బ్రాహ్మవివాహము హాస్యసంజీవనిలోనే వెలువడింది. ధనమిచ్చి పసిపిల్లను కొనుక్కొని పెళ్లాడే వృద్ధుని కథ అది. పెద్దయ్యగారి పెండ్లి అన్న పేరుతో జనం దానిని చెప్పుకొన్నారు. న్యాయస్థానాలలోని అక్రమాలను, వకీళ్ల మాయోపాయాలను బయటపెట్టిన వ్యవహార ధర్మబోధిని ప్లీడరు నాటకంగా ప్రసిద్ధికెక్కింది. ఈ ప్రహసనాలలో పాత్రలు తమతమ స్థితికి తగిన వాడుకభాష మాట్లాడుతాయి. వ్యాసంలో గ్రాంథికాన్ని పాటించిన సంపాదకుడే, మనుషులను మనుషులుగా చూపవలసి వచ్చినపుడు వారి నోటిమాటనే గ్రహించారు. సిద్ధాంతరీత్యా అంగీకరింపని దానిని పత్రికావసరం ఆయనచేత ఆచరింపజేసింది.

పండితపదవి, పత్రికాధర్మం

1876లో ఆయన రాజమహేంద్రవరం ప్రభుత్వ విద్యాలయంలో ఆంధ్రపండితుడుగా చేరారు. ఆ తరువాత దాదాపు పాతికేండ్ల వరకు పగలు పండితత్వం, తక్కిన వేళ సంపాదకత్వం ఆయన దినచర్య. చిన్నయసూరి మిత్రలాభ, మిత్రభేదాలతో ఆపిన నీతిచంద్రికకు ఆయన సంధి, విగ్రహాలను కూర్చి పూర్తిచేసినది ఈ దశ ఆరంభంలోనే. సూరి శైలిని అనుసరించిన ఆ వచనాన్ని, నాలుగేండ్ల తరువాత వివేకవర్ధనిలో వెలువడిన వచనంతో పోల్చి చూస్తే మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. దీర్ఘసమాసం కురుచ అయింది. వాక్యం కర్తృకర్మక్రియల క్రమంలో తేటపడింది. దేశ్యపదం నిస్సంకోచంగా ప్రవేశించింది. తరగతిలో కావ్యం చెప్పే పండితునికి శ్రోత ఎదురుగా ఉంటాడు, తెలియకపోతే అడుగుతాడు. పత్రికను చదివే పాఠకుడు ఎదుట ఉండడు. అతనికి సందేహం కలుగకుండ వ్రాయటం రచయిత బాధ్యత. ఈ భేదమే తెలుగు వచనాన్ని సంస్కరించింది.

ప్రభుత్వవేతనం స్వీకరించే ఉపాధ్యాయుడు ప్రభుత్వోద్యోగుల లంచగొండితనాన్ని పత్రికలో విమర్శించటం సాహసకార్యం. వివేకవర్ధని పోలీసులను, పురపాలక సంఘాన్ని, న్యాయాధికారులను విడిచిపెట్టలేదు. ఒక న్యాయాధికారి అవినీతిని గురించి ఆధారాలు సేకరించి ప్రకటించటంలో ఆయన, ఆయన మిత్రులు చూపిన పట్టుదల నాడు మండలమంతటా సంచలనం కలిగించింది. పై అధికారుల దృష్టికి విషయం చేరటానికై పత్రికలో ఆంగ్లభాగాన్ని కూడ చేర్చారు. తెలుగుభాగం ప్రజలను ఉద్దేశించినది. ఆంగ్లభాగం పాలకులను ఉద్దేశించినది. ఎవరిని ఉద్దేశించి వ్రాస్తున్నామో ఎరిగి అందుకు తగిన భాషను గ్రహించటం సంపాదకీయ విజ్ఞతకు మొదటి లక్షణం.

అయితే ఈ పద్ధతిలో దోషం లేకపోలేదు. విమర్శ అనేక పర్యాయాలు వ్యక్తిగతమైంది. వ్యంగ్యం ఎత్తిపొడుపుగా మారిన సందర్భాలున్నాయి. తాను నమ్మిన సంస్కరణకు పత్రికను ఆయుధంగా చేసుకొన్న సంపాదకుడు, ప్రతిపక్షానికి ఎంతవరకు న్యాయం చేయగలడన్న ప్రశ్న ఆయన విషయంలో తప్పక ఉదయిస్తుంది. ఆయనను కీర్తించేవారు ఈ ప్రశ్నను దాటవేస్తే పరిశోధనకు మేలు చేసినవారు కారు.

కథ, ఉద్యమం

1878లో వివేకవర్ధనిలో రాజశేఖరచరిత్రము ధారావాహికంగా వెలువడింది. 1880లో గ్రంథరూపం పొందింది. గోల్డ్‌స్మిత్ ఆంగ్లనవల నుండి ప్రేరణ పొందినప్పటికీ, అందులోని ఊళ్లు, ఆచారాలు, మోసాలు గోదావరి ప్రాంతానివే. కథ ధవళేశ్వరంలోనే ప్రారంభమవుతుంది. స్వర్ణయోగం పేరిట సర్వస్వం పోగొట్టుకొనే గృహస్థుని వృత్తాంతం, అదే పత్రికలో మూఢవిశ్వాసాలను ఖండించే వ్యాసాల పక్కన పాఠకునికి అందింది. వ్యాసం చెప్పిన దానికి కథ దృష్టాంతమైంది. నేడు ఆ నవలను గ్రంథంగా మాత్రమే చదివేవారికి ఈ పరస్పర సంబంధం కనిపించదు. 1887లో లండనులో దాని ఆంగ్లానువాదం వెలువడింది.

1879 ఆగస్టులో ఆయన రాజమహేంద్రవరంలో వితంతు వివాహాన్ని గూర్చి తొలి ఉపన్యాసం చేశారు. శాస్త్రప్రమాణాలతో పండితులు ఖండనలు ప్రకటించారు. ఆయన శాస్త్రప్రమాణాలతోనే సమాధానాలు ప్రకటించారు. సభలో జరిగిన వాదం సభతో ముగుస్తుంది. అచ్చులో జరిగిన వాదం ఊరూరా తిరుగుతుంది. రెండేండ్లపాటు సాగిన ఈ వాదోపవాదాలు క్షేత్రాన్ని సిద్ధం చేసిన పిమ్మట, 1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల వివాహం ఆయన ఇంట జరిగింది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. కళాశాల విద్యార్థులు అండగా నిలిచారు. వంటవారు, నీళ్లు తెచ్చేవారు మానివేసినపుడు రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుండి నీరు తెచ్చి వంట చేశారు. బహిష్కారభయంతో మిత్రులు పలువురు వెనుకంజ వేశారు. విద్యార్థులు మాత్రం వెనుదీయలేదు. తరగతిలో పాఠం విన్నవారు, పత్రికలో వ్యాసం చదివినవారు ఒకరే కావటం అందుకు కారణం.

స్త్రీలకోసం 1883లో సతీహితబోధినిని ప్రారంభించారు. ఆరోగ్యం, గృహనిర్వహణ, నీతి, ఉత్తమస్త్రీల చరిత్రలు అందులోని విషయాలు. స్త్రీలను పాఠకులుగా భావించి ప్రత్యేకంగా పత్రికను నడపటం తెలుగు పత్రికా చరిత్రలో ఒక మలుపు. అందులో ప్రతిపాదింపబడిన స్త్రీ ఆదర్శం నేటి దృష్టికి సంకుచితంగా తోచవచ్చు. కాని చదువుకొన్న స్త్రీ అన్న పాఠకవర్గమే లేనిచోట దానిని నిర్మించే ప్రయత్నం అది.

చింతామణి

1891లో న్యాపతి సుబ్బారావుగారు చింతామణి మాసపత్రికను స్థాపించి, సంపాదకత్వాన్ని వీరేశలింగంగారికి అప్పగించారు. 1878లో మద్రాసులో హిందూ పత్రికను ప్రారంభించిన ఆరుగురు యువకులలో సుబ్బారావుగారు ఒకరు. రాజమహేంద్రవరం తెలుగు పత్రికారచనకు, మద్రాసు ఆంగ్ల పత్రికారచనకు మధ్య ఆయన ఒక వారధి. చింతామణి నవలల పోటీలు పెట్టి కొత్త రచయితలను వెలికితీసింది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి రామచంద్రవిజయము ఆ పోటీలోనే బహుమానం పొందింది. చిలకమర్తివారు అనంతర కాలంలో మనోరమ, దేశమాత పత్రికలకు సంపాదకులైనారు. సంపాదకుడు రచయితను కనుగొనటం, ఆ రచయిత మరల సంపాదకుడు కావటం అనే గురుశిష్య పరంపర ఈ విధంగా గోదావరి తీరాన ఏర్పడింది. ఏ విశ్వవిద్యాలయ పట్టమూ లేకుండానే పత్రికారచన ఒక విద్యగా సంక్రమించింది. ఈ దశలోనే వీరేశలింగంగారు సత్యరాజా పూర్వదేశయాత్రలను కూడ రచించారు. స్విఫ్ట్ మహాశయుని కల్పిత యాత్రాకథ నుండి ప్రేరణ పొంది, స్వదేశాచారాలను తలక్రిందులుగా చూపి నవ్వించిన రచన అది.

1893లో ప్రభుత్వం ఆయనకు రావుబహద్దరు బిరుదునిచ్చింది. 1899లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు ఆంధ్రపండితుడుగా వెళ్లి, కొన్ని సంవత్సరాల అనంతరం ఉద్యోగ విరమణ చేసి స్వస్థలానికి తిరిగివచ్చారు. స్వార్జితమైన ఆస్తిని హితకారిణీ సమాజానికి సమర్పించారు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు మరణించారు.

ఉత్తరజీవితం

చివరి దశాబ్దంలో విధి ఆయనకు విచిత్రమైన పరీక్ష పెట్టింది. జీవితమంతా ఇతరుల నడవడిని పత్రికలో విచారించిన ఆయన, ఇతర పత్రికల నిశితమైన దాడికి స్వయంగా గురి అయినారు. పరువునష్టం విషయమై న్యాయస్థానాలను ఆశ్రయింపవలసిన పరిస్థితి కూడ ఏర్పడింది. తాను పదునుపెట్టిన ఆయుధం తనవైపే తిరిగినపుడు కలిగిన వేదన ఆయన స్వీయచరిత్రములో అడుగడుగునా కనిపిస్తుంది. స్వేచ్ఛ, బాధ్యత అన్న రెండింటి మధ్య పొలిమేర ఎక్కడన్న ప్రశ్నను పత్రికారచనా విద్యార్థి సిద్ధాంతగ్రంథాలలో వెదకనక్కరలేదు. ఆయన జీవితపు పూర్వోత్తరార్ధాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఈ కాలంలోనే ఆయన ఆంధ్రకవుల చరిత్రమును సంస్కరించి పునర్ముద్రించారు. కొత్తగా లభించిన ఆధారాలను అనుసరించి పూర్వాభిప్రాయాలను మార్చుకోవటానికి ఆయన వెనుకాడలేదు. తప్పు తెలిసినపుడు దిద్దుకొని ప్రకటించటం సంపాదకునికి ఉండవలసిన అలవాటు; అది పరిశోధకునిలో కూడ నిలిచింది. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజం ఏర్పడినపుడు అధ్యక్షత వహించటానికి ఆయన అంగీకరించారు. బహుకాలం గ్రాంథికంలో వ్రాసిన పండితుడు డెబ్బదియవయేట వ్యావహారికాన్ని ఆమోదించటం పలువురికి ఆశ్చర్యం కలిగించింది. హాస్యసంజీవని పుటలను ఎరిగినవారికి అది ఆశ్చర్యం కాదు. నలుబది మూడేండ్ల క్రితం పత్రిక నేర్పిన పాఠాన్ని ఆయన అప్పటికి సిద్ధాంతంగా ఒప్పుకొన్నారు. మరి మూడు మాసాలకే, 1919 మే 27వ తేదీన మద్రాసులో పరమపదించారు.

ముగింపు

వీరేశలింగంగారి జీవితానికి ప్రధానాధారంగా పరిశోధకులు ఆయన స్వీయచరిత్రమునే గ్రహిస్తూ వచ్చారు. అది అమూల్యమైనది. కాని అది వార్ధక్యంలో, వివాదాల నడుమ, ఆత్మసమర్థన దృష్టితో కూడ వ్రాయబడిన గ్రంథం. వివేకవర్ధని, హాస్యసంజీవని, సతీహితబోధిని, చింతామణి సంచికలు ఆయా సంఘటనలు జరిగిన నాటివే. ఏ వ్యాసం పక్కన ఏ ప్రహసనం వెలువడినదో, ఏ విమర్శకు ఎవరు సమాధానమిచ్చారో, ఏ మాసంలో వాక్యం ఏ విధంగా మారినదో చెప్పగలిగినవి ఆ పుటలే. పత్రిక కాగితం గ్రంథపు కాగితమంత కాలం నిలువదు. లభించిన ప్రతి సంచికను భద్రపరచి, తిథివార క్రమంలో పట్టికలు కూర్చి, గ్రంథరూప పాఠాలతో పోల్చటం భాషాసాహిత్య శాఖలు, పత్రికారచనా శాఖలు కలిసి చేయవలసిన పని. సాహిత్యశాఖ దానిని పత్రిక అని, పత్రికారచనా శాఖ దానిని సాహిత్యమని విడిచిపెడితే నష్టపోయేది తెలుగు వచన చరిత్రయే. పాఠశాలకు, పత్రికకు భేదం పాటింపని ఒక ఉపాధ్యాయుని కృషిని అర్థం చేసుకోవటానికి, ఆ భేదాన్ని కొంత మరచి చదవటమే సరియైన మార్గం.